పెంచల్ తెచ్చిన గింజలు

పెంచల్‌ది రాజంపేట దగ్గర పల్లె. కువైట్‌కు వచ్చి ఎన్నో ఏళ్ళయినా, తలుపు చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. ఫర్వానియాలో కంపెనీ ఇచ్చిన గదిలో మేం ఎనిమిది మందిమి. అందరివీ క్లీనింగు పనులే. పెంచల్‌కు అమెరికా చదువు చెప్పే బడి పడింది.

ఒక గురువారం అక్కడ ఊడుస్తుంటే నేలంతా మొక్కజొన్న గింజలు, చిక్కుడు గింజలు. తరగతిలో టీచరుకు సాయంగా ఉండే రాయచోటి ఆడమనిషి షగుఫ్తాను అడిగాడు.

"ఏంది మేడం ఇది, బడిలో వంట చేసినారా?"

"వంట కాదన్నా, ఓట్లు! పిల్లోళ్ళు పాఠం కోసం ఏసినారు. అమెరికా ఇంగ్లండు రాజు కింద ఉండేటప్పుడు కొన్నిచోట్ల పెద్దమనుషుల ముందర నిలబడి ఓటు ఎవరికో గట్టిగా చెప్పాలంట. ఎదురు చెప్పాలంటే బయం గదా? ఒక సీమలో మాత్రం ఇట్ల గింజలేసినారంట. మొక్కజొన్న గింజ అంటే సరే, చిక్కుడు అంటే వద్దు."

"రాజు ఊరకున్నాడా?"

"రాజు గవర్నర్లను పంపేవాడు. అయితే చానాచోట్ల ఆ గవర్నరుకు జీతమిచ్చేది ఊరోళ్ళ సభ. అటు రాజుకు బయపడాల, ఇటు వీళ్ళకూ బయపడాల."

పెంచల్ ఆ గింజలు జేబులో వేసుకున్నాడు. గేటు దాటేదాకా దొంగతనం అంటారేమోనని వణికాడట.

మరునాడు శుక్రవారం. గది పెద్ద గంగాధర్ అందరినీ కూర్చోబెట్టాడు. అతన్ని పెద్దగా పెట్టింది మేము కాదు, కంపెనీ కాగితాలు చూసే మందూబ్. ఇంతకుముందు మా గదిలోనే ఉండిన నాగేశ్వర నీళ్ళు బాగాలేవని అడిగితే, ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, అతని ఇఖామా మళ్ళీ కట్టలేదు, ఇంటికి పంపేశారు. ఆ మాట మోసింది గంగాధరేనని మాకందరికీ అనుమానం.

"ఖాజావలి దగ్గు సంగతి మందూబ్ అడుగుతాండాడు. వాడు ఉండాల్నా, పోవాల్నా? ఉండాలనేటోళ్ళు చేతులెత్తండి."

ఆ దగ్గు దుమ్ము వల్లనేనని, అంటుకునేది కాదని ఆసుపత్రిలో చెప్పారు. ఇంట్లో సంపాదించేది ఖాజావలి ఒక్కడే. అతను మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నా చెయ్యి తొడమీద రాయిలా పడి ఉంది.

అప్పుడు పెంచల్ నోరు తెరిచాడు. "అన్నా... చేతులొద్దు. గింజలేద్దాం."

"ఏం గింజల్రా?"

పెంచల్ చెప్పాడు. గంగాధర్ నవ్వాడు. "మూడో తరగతి చదివి అమెరికా రాజ్యం ఏలతాడంట పిలగాడు! సరే, కానీ."

ఖాజావలి మెట్లమీదికి వెళ్ళి కూర్చున్నాడు. పెంచల్ ఏడుగురికీ తలొక మొక్కజొన్న గింజ, తలొక చిక్కుడు గింజ ఇచ్చాడు. చప్పుడు వినబడకుండా అన్నం గిన్నె అడుగున తువ్వాలు పరిచాడు. ఒక్కొక్కరం పిడికిలి లోపలికి పెట్టి తీశాం. మిగిలిన గింజ కిటికీలోంచి పారేశాం. మా మధ్యలోనే గంగాధర్ కూడా వేశాడు.

పెంచల్ గిన్నెలోంచి గింజలు ఒక్కొక్కటే తీశాడు. మొదట జొన్న. తర్వాతా జొన్న. ఆరోదాకా అన్నీ జొన్నే. మిగిలిన ఆ ఒక్కటి చిక్కుడైతే అది గంగాధర్‌దేనని అందరికీ తెలిసిపోతుంది, మేమంతా అతనికి ఎదురని అతనికీ తెలిసిపోతుంది. మందూబ్ చేతికి అందరం దొరికిపోయినట్టే.

ఏడోదీ జొన్నే.

అందరం గంగాధర్ వైపు చూశాం. అతను తల దించుకున్నాడు.

"ఏం చూస్తారు? ఎవరో ఒకణ్ణి తగ్గించాల, గదిలోవాళ్ళే వద్దన్నట్టు చెప్పమన్నాడు మందూబ్. కాదంటే నా ఇఖామా పీకుతాడంట. మీకే బయమా? నాకు లేదా?"

"నువ్వు బయపడతావని మాకేం దెలుసన్నా?" అన్నాడు పెంచల్. "మేం నీకు బయపడతాండాం గదా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

మరునాడు పొద్దున మందూబ్ వచ్చాడు. కింద బస్సు హారను కొడుతోంది. గంగాధర్ గడపలో నిలబడి హిందీలో చెప్పాడు, ఖాజావలిని పంపడం గదికి ఇష్టం లేదని.

"ఎవరికి ఇష్టం లేదు?"

గంగాధర్ మా వైపు చూశాడు. "అందరికీ. నాక్కూడా."

మందూబ్ మమ్మల్ని వరసగా చూశాడు. వెనకాల పెంచల్ నా చొక్కా పట్టుకుని ఉన్నాడు. "సరే, చూస్తా" అని మాత్రం అని మందూబ్ మెట్లు దిగాడు. సరే అన్నది దేనికో, చూస్తానన్నది ఎవరినో మాకు తెలియలేదు.

"యల్లా, పదండి, బస్సు పోతాది," అన్నాడు గంగాధర్.

దగ్గుతూ ఖాజావలి మాకంటే ముందు దిగాడు.