చిన్న పళ్ల చక్రం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో రాచర్ల దారికి కంకర పడింది. రోడ్డు బాగుందని మా నాయన సైకిలుకు వెనక గొలుసు తిరిగే పళ్ల చక్రం తీసేసి చిన్నది వేయించాడు. ఒక్కసారి తొక్కితే బండి మునుపటికంటే చాలా దూరం పోయేది. వేగాన్ని మాత్రం ఆయన పాత అలవాటు కొద్దీ కాళ్లతోనే కొలిచేవాడు. చెబితే వినే మనిషి కాడు.

ఒకరోజు వాలులో, వెనక కూర్చున్న అమ్మ "నిదానంగా పోండి" అంది.

"నిదానంగానే తొక్కుతున్నా గదా, కాళ్లు చూడు" అన్నాడు నాయన.

కాళ్లు నిజంగానే బద్ధకంగా తిరుగుతున్నాయి. ముందు కడ్డీ మీదున్న నాకు కింద కంకర గీతలు గీతలుగా కనిపిస్తోంది. మలుపులో మేకల మంద రోడ్డెక్కింది. నాయన తొక్కడం ఆపాడు. పాత ఇసుక దారిలో కాళ్లు ఆపితే బండి దానంతటదే ఆగేది.

ఇప్పుడు బండి ఆగలేదు, వెనక చక్రం టకటకమంటూనే ఉంది. ఆయన చేయి ఇంకా బ్రేకు మీదికి పోలేదు.