సలికి ఓర్వనివాడు

పేరుమోసిన డప్పు కళాకారుడు పోయాక, ఆయన డప్పును అనాథ పిల్లల హాస్టల్ కోసం వేలానికిచ్చింది ఆయన భార్య. హాలియాలో వేలంపాట సాగినంతసేపూ, బిడ్డకు జ్వరం చూసినట్టు దాని తోలుకు చెయ్యి ఆనిస్తూనే ఉంది.

చివరికి నేనే పాడుకున్నాను.

"గోడకు తగిలియ్యకు బిడ్డా. మా ఆయినె సలికి ఓర్వడు."

"గిది తోలవ్వా, ఆయిన గాదు," అన్నాను.

"సదువుకున్నదానివి, జర తాకి సూడు."

బయట ముసురు. దగ్గర్లో మంటే లేదు. అయినా తోలు మనిషి ఒళ్లులా వెచ్చగా ఉంది. డప్పు అందిస్తుంటే ఆమె వేళ్లు తగిలాయి. కుండనీళ్లలా చల్లగా ఉన్నాయి.

"పోరగాండ్లు తినాలె గద, తీస్కపో," అంది, వదలకుండానే.

నేనూ ఇప్పుడు రోజూ చెయ్యి ఆనించి చూస్తున్నాను. డప్పు వెచ్చగానే ఉంది. నా వేళ్లే చల్లబడుతున్నాయి.