అక్క పూర్తి పేరు

ఆ రోజుల్లో నా మీద నాకున్నంత గౌరవం, ఆ తర్వాత ఎవరికీ నా మీద కలగలేదు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. కొత్త ఉద్యోగం, కొత్త మీసం. ఆ ఊళ్ళో తెలుగు మోర్మన్లం (క్రైస్తవుల్లో అదొక శాఖ) అయిదుగురం: నలుగురు నర్సులు, నేను. మా సంఘంలో యాజకత్వం మగవాళ్ళకే ఇస్తారు. అంటే రొట్టెను ఆశీర్వదించడానికీ, రోగి తల మీద చేతులుంచి దీవించడానికీ దేవుడి పేరున ఇచ్చే అధికారం అన్నమాట. గడ్డం రాని కుర్రాడికైనా అందులో మొదటి మెట్టు దొరుకుతుంది గానీ, సంఘాన్ని భుజాన మోసిన ఆడమనిషికి ఏ మెట్టూ దొరకదు. పైగా అప్పట్లో ఆ దేశంలో ఆడవాళ్ళు కారు నడపడానికి వీల్లేదు. అంచేత స్టీరింగూ నాదే, యాజకత్వమూ నాదే. నేను లేకపోతే ఆ నలుగురూ గుమ్మం దాటలేరు, దేవుణ్ణీ చేరలేరని లోలోపల అనుకుంటూ ఉండేవాణ్ణి (పైకి కూడా ఒకటి రెండుసార్లు అన్నాను).

శుక్రవారాలు కమాండరక్క ఇంట్లో కలిసేవాళ్ళం. మిలిటరీ వాళ్ళున్న ఊరు కదా, ఆ పేరు అలా వచ్చింది. రాజమండ్రి మనిషి, వేరే ఆసుపత్రిలో ఐసీయూ ఇన్‌ఛార్జి. ఆవిడ గుడ్లురిమితే మానిటర్ మీద గీత దానంతటదే సర్దుకునేదని ప్రతీతి (పుట్టించింది నేనే). పాఠం చెప్పేది ఆవిడ, పాట ఎత్తుకునేది ఆవిడ. కొత్తగా దిగిన పిల్ల ఇంటిమీద బెంగతో ఏడిస్తే పక్కన పడుకునేది, పనిలో పెట్టుకున్న కఫీల్ ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇవ్వకుండా తిప్పుతుంటే వెంటపడి తెప్పించేది కూడా ఆవిడే. నేను చివర్లో వచ్చి, రొట్టె మీద ప్రార్థన చదివి, ఆవిడ వండిన చేపల పులుసులో పెద్ద ముక్క తిని, గొప్పలు చెప్పేవాణ్ణి. వాటిలో ముఖ్యమైనది: మా ఊళ్ళో టైఫాయిడ్‌తో మూసిన కన్ను తెరవని ఒకాయన తల మీద నేను చేతులుంచగానే లేచి కూర్చుని పెసరట్టు అడిగాడని. నిజానికి నాకు ఆ అధికారం ఇచ్చిందే విమానమెక్కే ముందు. అప్పటికి ఒక్కరినీ దీవించి ఎరగను. (పెసరట్టు మాత్రం నిజం. తిన్నది నేను.)

ఒక శుక్రవారం పులుసు వడ్డించి, చెయ్యి కడుక్కొచ్చి అక్క నా ఎదురుగా కూర్చుంది.

“తమ్ముడూ, ఎల్లుండి నాకు ఆపరేషను. కడుపులో గడ్డ. తీసి పరీక్ష చేస్తేగానీ ఏవిటో చెప్పలేమంటున్నారు. తల మీద చేతులుంచి దీవించు.”

నోట్లో ముక్క అక్కడే ఆగిపోయింది. “ఇప్పుడా అక్కా?”

“కాదు, పోయాక చేద్దువుగాని.”

మాలో చిన్నది బుజ్జి. ఏలూరు పిల్ల, దేన్నీ ఊరికే వదలదు కాబట్టి లాయరు బుజ్జి అనేవాళ్ళం. “ఆగండక్కా,” అంది. “రోజూ ఎంతమంది నుదుటి మీద చెయ్యేస్తారు మీరు? వాళ్ళ కోసం మీరు చేసిన ప్రార్థనలు ఎన్ని? ఈయన మొన్న మీసం పెంచాడు. ఈయన చెయ్యేస్తేనే చెల్లుద్దా? మన సంఘం తొలిరోజుల్లో ఆడవాళ్ళు కూడా నూనె రాసి రోగుల్ని దీవించేవారంట, నేను చదివాను.”

“నేనూ చదివానే.”

“మరి అడగరేంటి?”

“అడగలేదని ఎవరన్నారు? ఇక్కడికొచ్చిన ప్రతి పెద్దమనిషినీ అడిగాను. నాకు సరిపోయే జవాబు ఒక్కళ్ళూ చెప్పలేదు. అడగడం మాననూ మానను, ఈ సంఘంలోంచి కదలనూ కదలను.” అక్క కుర్చీ ముందుకి లాక్కుంది. “ఈలోగా నాకు భయంగా ఉంది బుజ్జీ. తల మీద ఎవరివైనా చేతులు కావాలి.”

ఆవిడ నోట భయమనే మాట అంతకుముందు మేమెవరమూ వినలేదు. బుజ్జి గమ్మున పక్కకి జరిగింది.

నా తాళాల గుత్తికి బొటనవేలంత సీసా వేలాడుతుండేది, అందులో దీవించిన ఆలివ్ నూనె. మూత తిప్పి ఒక చుక్క అక్క పాపిట్లో వేసి, రెండు చేతులూ తల మీద ఉంచి, కళ్ళు మూసుకున్నాను. మా పద్ధతి ప్రకారం ముందు మనిషిని పూర్తి పేరుతో పిలవాలి. నోరు తెరిచాను. పేరు లేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ చేతి కూడు తింటున్నాను; నాకు తెలిసింది అక్క అనే. నా ఫోనులో కూడా ‘అక్క చేపల పులుసు’ అనే ఉంది. ఆ పేరుతో దేవుడికి విన్నవించుకోవచ్చా అని కూడా ఒక్క క్షణం ఆలోచించాను.

“ఏం తమ్ముడూ, ఆగిపోయావు?” చేతుల కింద నుంచి అక్క.

“అక్కా... మీ పేరేంటి?”

బుజ్జి ముక్కులోంచి వచ్చిన శబ్దం నవ్వో తుమ్మో ఇప్పటికీ తేలలేదు. మిగతా ఇద్దరూ చున్నీలు నోట్లో కుక్కుకున్నారు. అక్క కూడా పగలబడి నవ్వింది; ఆ నవ్వుకి నా అరచేతుల కింద తల ఊగింది. నవ్వు ఆగింది. తల మాత్రం వణుకుతూనే ఉంది.

తర్వాత మెల్లగా చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఆ పేరు ఇక్కడ రాయను. అలా అడిగి తెలుసుకున్న పేరు కాగితం మీద పెట్టబుద్ధి కాదు. పేరు పిలిచాను. ఆ పైన దీవెన చెప్పాలి. పెసరట్టు కథ అల్లిన నోటికి, నయమైపోతుందని ఒక్క మాట అనే ధైర్యం చాలలేదు. అందుకని కళ్ళారా చూసిందే చెప్పాను. “ప్రభువా, ఈవిడ మా అందరికీ అన్నం పెట్టింది. ఏడ్చిన ప్రతివాళ్ళ పక్కనా కూర్చుంది. అది నీకు తెలుసు. ఈవిడకి భయంగా ఉంది. అది మాకు ఇప్పుడే తెలిసింది. దగ్గరుండు.” ఆమెన్ అనేశాను.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, “అబద్ధం ఆడలేదు. చాలు,” అంది. తర్వాత, “పులుసు చల్లారిపోయింది, వెచ్చబెట్టుకోండి” అంది.

గడ్డ ప్రమాదం లేనిదని తేలింది. డాక్టర్లు కోసి చూస్తే లోపల ఏమీ లేదట, మాయమైందట అని నేను ఊరంతా చెప్పాను. ఆ కథ తిరిగి తిరిగి అక్క చెవిన పడింది. “నిమ్మకాయంత ఉంది, సీసాలో పెట్టి చూపించారు,” అని అందరి ముందూ గాలి తీసేసింది. ఇప్పుడు రాజమండ్రిలో తన వీధిని కమాండు చేస్తోంది.

మొన్నీమధ్య రియాద్‌లో నా గుండెకి స్టెంటు వేయాలన్నారు. లాయరు బుజ్జి కూడా ఇప్పుడు ఇక్కడే. మా సంఘంలో ఆడవాళ్ళకి పెద్దదిక్కు. యాజకత్వం ఆమెకీ రాలేదు, ప్రశ్న ఆమె కూడా మానలేదు. కారు మాత్రం ఆమెదే, లైసెన్సూ ఆమెదే. నన్ను ఆసుపత్రికి తీసుకెళుతుంటే ఊరి చివర సులై దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయాం. నన్ను దీవించడానికి రావాల్సిన పెద్దమనిషి ఇంకెక్కడో ఇరుక్కున్నాడు.

“బుజ్జీ, నువ్వే ప్రార్థన చెయ్యవే,” అన్నాను.

“నాకు అధికారం లేదు కదండీ.”

“ప్రార్థనకి అధికారమేంటే?”

“నాకు తెలుసు. మీ నోటితో విందామని.”

నా పూర్తి పేరు చెప్పబోయాను. అవసరం రాలేదు. చేతులు స్టీరింగు మీదే ఉంచి, కళ్ళు రోడ్డు మీద నుంచి తిప్పకుండా (నా అదృష్టం), నా పేరు ఇంటిపేరుతో సహా, పొడి అక్షరాలు కూడా విడదీసి, దేవుడికి చెప్పింది. నా తల మీద ఎవరి చేతులూ లేవు. ఉన్నా ఈ బట్టతల మీద నిలిచేవి కావు. అయినా పక్క సీట్లో బుద్ధిగా తల వంచుకునే కూర్చున్నాను.