రేపల్లె భద్రతా కేంద్రం

శనివారం ఉదయం ఆరూ నలభైకి రేపల్లెలో మా పెద్దమ్మ ఒక స్టీలు డబ్బా కడిగింది. కడిగి, తుడిచి, ఎండలో బోర్లించింది. ఇందులో ప్రమాదం ఏముందని మీరు అనుకోవచ్చు. అదే రోజు మధ్యాహ్నానికల్లా ఒక ఊరిలో పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, ఇంటి పన్ను కట్టినవాళ్ళు, కట్టనివాళ్ళు మొత్తం కనపడకుండా పోయారు. తుఫాను రాలేదు, అగ్నిప్రమాదం జరగలేదు. నేను ఉన్నాను, అంతే.

ఊరి పేరు చెప్పను. రేపల్లె నుంచి వెళ్ళాలంటే తెనాలిలో రైలు మారాలి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అక్కడి పురపాలక కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగం నాది. పాత మెషీను నిండిపోయిందని కొత్తది కొన్నారు. దానితోపాటు పైనుంచి ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ఊరికి ఏ ఆపద వచ్చినా లెక్కలు దక్కేలా, వారానికోసారి అంతా ఒక టేపులోకి ఎక్కించి వేరే ఊళ్ళో దాచాలి. టేపంటే అరచేతిలో ఇమిడే నల్లటి క్యాసెట్టు.

మొదట బాపట్ల అనుకున్నారు. అక్కడ ఒక సర్కారు భవనంలో గది ఇచ్చారు. నేను ఒకసారి వెళ్ళి వచ్చి, మా సూపరింటెండెంటు గఫూర్ గారి ముందు నిలబడ్డాను.

"బాపట్ల పనికిరాదండి."

"ఏంటి ఇబ్బంది?"

"సముద్రం పక్కనే ఉందండి. తుఫానొస్తే మనకంటే ముందు అదే మునుగుతుంది."

"మరి ఎక్కడ పెడదామంటావు?"

"రేపల్లె అండి."

ఆయన కళ్ళజోడు తీశారు. "అబ్బాయ్, రేపల్లె ఏమన్నా కొండమీదుందా?"

"అక్కడ మంచి భద్రతా కేంద్రం ఉందండి. ఇన్‌చార్జిగా ఒక పెద్దావిడ. ముప్పై ఏళ్ళ అనుభవం."

అనుభవం మాట అబద్ధం కాదు. మా పెద్దమ్మ ఆ ఇంటికి కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. బాపట్లలో నాకు టీ చుక్క కూడా ఎవరూ పోయలేదన్న అసలు కారణం మాత్రం ఫైలులో రాయలేదు. గఫూర్ గారు సంతకం పెట్టారు. ఆయన ఆర్నెల్లలో రిటైరవుతున్నారు. ఉద్యోగంలో చేరింది మొదలు ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. "నీ మాట మీద పెడుతున్నాను. పింఛను కాగితాలు కదిలే టైములో నా పేరు మీద మచ్చ పడనీయకు," అన్నారు. పడనీయనండి అన్నాను. అప్పుడు నాకు ఇరవై అయిదు లోపు. ఆ వయసులో దేనికైనా హామీ ఇస్తాం.

భద్రతా కేంద్రం పనితీరు ఇదీ. శుక్రవారం సాయంత్రం నేను టేపుని స్టీలు డబ్బాలో పెట్టుకుని రేపల్లె వెళ్ళేవాణ్ణి. పెద్దమ్మ టేపు తీసి, తువ్వాల్లో చుట్టి, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టేది. ఇక డబ్బా. ఎవరి ఇంటి గిన్నె అయినా మన ఇంటికొస్తే దాన్ని ఖాళీగా తిప్పి పంపకూడదని మీకు నేను చెప్పనక్కరలేదు. పెద్దమ్మ ఆ పద్ధతిని శాసనంలా పాటించేది. ఒక వారం జంతికలు, ఒక వారం అరిసెలు. సర్కారు లెక్కలు వెళ్ళేవి, కారప్పూస వచ్చేది. ఇంత సజావుగా నడిచిన ప్రభుత్వ పథకం నేను మళ్ళీ చూడలేదు.

అలా నడుస్తుండగా, గఫూర్ గారి ఆఖరి వారంలో కబురొచ్చింది. శనివారం పై అధికారి వస్తారు. ఆపద వచ్చినట్టే అనుకుని, టేపు తెప్పించి, లెక్కలన్నీ కొత్త మెషీనులోకి ఎక్కించి చూపించాలి.

శుక్రవారం నాకు పని తెమల్లేదు. టేపు అంతకుముందు వారమే చేరింది, రైలు తొందరలో డబ్బా కూడా అక్కడే వదిలి వచ్చాను గనక పెద్దమ్మకి ఫోను చేశాను. "రేపు పొద్దున ప్యాసింజరుకి పక్కింటాయన తెనాలి వస్తాడుగా, ఆయనకి మన డబ్బా ఇచ్చి పంపు పెద్దమ్మా. చాలా ముఖ్యం."

"ఇంతోటి దానికి అంతగా చెప్పాలంట్రా? పంపుతాలే."

తెనాలి ప్లాట్‌ఫారం మీద డబ్బా అందుకున్నాను. ఎప్పటికంటే బరువుగా ఉంది. ఊరంతటి లెక్కలు కదా అనుకున్నాను. నెయ్యి వాసన వచ్చింది. రైల్లో ఎవరో తెచ్చుకుని ఉంటారనుకున్నాను. చూశారుగా, దేవుడు ఇవ్వగలిగిన హెచ్చరికలన్నీ ఇచ్చాడు.

అధికారి వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. నేను ఆ లోటు పూడ్చాను. పాత మెషీను ఆపేసి, పోయిందని అనుకుంటే సరిపోతుంది. బుద్ధున్నవాళ్ళు అలాగే చేస్తారు. నాకది నాటకంలా అనిపించింది.

"అనుకోవడం ఎందుకండి? నిజంగానే చెరిపేద్దాం. అప్పుడే కదా మన ఏర్పాటు సత్తా తెలిసేది."

గఫూర్ గారు నా చొక్కా పట్టుకుని పక్కకి లాగారు. "అబ్బాయ్, నీళ్ళు బాగా పడుతున్నాయో లేదో చూడాలంటే ఇల్లు తగలబెట్టక్కర్లేదు. పంపు తిప్పితే చాలు."

"మీరు చూస్తుండండి సార్."

చెరిపేశాను. అదే మెషీనులో పక్కన ఇంకో కాపీ ఉండేది. దాన్నీ వదల్లేదు. తెర నల్లబడింది. ఆ క్షణాన ఆ ఊళ్ళో ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసే పనే. ఆకులు రేపల్లెలో పెట్టుకుని చేతులు కాల్చుకున్నవాణ్ణి మాత్రం నేనే.

డబ్బా బల్ల మీద పెట్టి, మూత నెమ్మదిగా తీశాను.

అధికారి ముందుకి వంగి చూశారు. "ఏంటయ్యా ఇవి?"

"సున్నుండలండి."

"అది కనిపిస్తోంది."

నేను అడుగుదాకా వెతికాను. అడుగున కూడా సున్నుండలే. వరండాలోని ఫోను దగ్గరకి పరిగెత్తాను.

"పెద్దమ్మా, డబ్బాలోది ఏదీ?"

"అందాయా? బెల్లం సరిపోయిందా? కాస్త తగ్గిందేమోనని అనుమానంగా ఉంది."

"సున్నుండలు కాదు పెద్దమ్మా! నల్లటి క్యాసెట్టు!"

"అదెక్కడికి పోద్దిరా? బీరువాలోనే భద్రంగా ఉంది."

"దాన్ని పంపమనేగా చెప్పింది!"

"డబ్బా పంపమన్నావు. ఇన్నాళ్ళుగా డబ్బా ఎట్లా వస్తోందో నీకు తెలీదా? ఏ వారమన్నా ఆ క్యాసెట్టుని తిరిగి పంపానా?"

ఆ ఇంటికి వెళ్ళిన డబ్బా, వెళ్ళిన సరుకుతో తిరిగి రావడం ఏనాడూ లేదు. వారం వారం తిన్నవాణ్ణి నేను. క్యాసెట్టుని మధ్యాహ్నం ప్యాసింజరుకి ఎవరిచేతనైనా పంపమని చెప్పి ఫోను పెట్టేశాను.

లోపలికి వచ్చేసరికి గఫూర్ గారు గోడవారగా నిలబడి ఉన్నారు. అరిచినా బాగుండేది.

"ఆపద నుంచి కోలుకోవడానికి ఎంతసేపు పడుతుంది?" అధికారి అడిగారు.

"మధ్యాహ్నం రేపల్లె ప్యాసింజరు వచ్చేదాకా అండి."

"ఆ భద్రతా కేంద్రం ఎవరిది?"

"మా పెద్దమ్మదండి."

ఆయన గఫూర్ గారి వైపు చూశారు. "మీరు సంతకం పెట్టారా?"

"పెట్టానండి," అన్నారు గఫూర్ గారు. నా పేరు ఎత్తలేదు. ఆ తర్వాత, ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టినట్టు డబ్బా ముందుకి జరిపి, "ఎటూ ఆగాలి కదండి. తినండి," అన్నారు.

నేను తెనాలికి పరుగు తీశాను. ప్యాసింజరు ఆ రోజు కూడా తన పద్ధతి తప్పలేదు, ఆలస్యంగానే వచ్చింది. ఎవరిచేత పంపిందోనని పెట్టెలన్నీ వెతుకుతుంటే, దిగింది పెద్దమ్మే. తువ్వాల్లో చుట్టిన టేపుని పసిబిడ్డని పట్టుకున్నట్టు గుండెకి ఆనించుకుంది.

"ఎవరికన్నా ఇస్తే ఎక్కడ పారేస్తారోనని నేనే వచ్చాను. నువ్వేంట్రా అట్లా పాలిపోయావు? పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?"

మేము వెళ్ళేసరికి డబ్బాలో నాలుగు సున్నుండలు మిగిలాయి. అధికారి ముఖం పొద్దుటంత కఠినంగా లేదు. టేపు మెషీనులో పెట్టాను. గదంతా బీరువాలోని నాఫ్తలీను ఉండల వాసన. మెషీను గురగురమంది, ఆగింది, మళ్ళీ గురగురమంది. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని, "దానికి ఏమన్నా జబ్బా?" అని అడిగింది.

చివరికి తెర వెలిగింది. గఫూర్ గారు దగ్గరకొచ్చి, తన ఇంటి నంబరు కొట్టమన్నారు. కొట్టాను. ఆయన పేరు, వీధి, పన్ను బాకీ లేదన్న మాట కనపడ్డాయి. ఆయన రెండుసార్లు చదువుకుని, అప్పుడు కూర్చున్నారు. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నారని అప్పటిదాకా నేను గమనించలేదు.

అధికారి తన నివేదికలో రెండే వాక్యాలు రాశారు. రెండో కాపీ సురక్షితంగా ఉన్నది. దాచు స్థలమును బాపట్లకు మార్చవలెను. ఎవరికీ మెమో రాలేదు. గఫూర్ గారు పూలదండతో, మచ్చ లేకుండా ఇంటికెళ్ళారు. నేను వారం వారం బాపట్ల వెళ్ళాను. అక్కడ చివరిదాకా టీ ఇవ్వలేదు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం పెద్దమ్మ బయల్దేరుతూ, "ఆ డబ్బా ఇటివ్వండి," అంది. గఫూర్ గారు దాన్ని తన వైపు లాక్కున్నారు.

"ఖాళీది ఎట్లా ఇస్తానమ్మా? తిన్నది మేము."

ఆ తర్వాతి వారం అది సేమియాతో రేపల్లె చేరింది. పెద్దమ్మ ఊరుకుంటుందా? జంతికలతో వెనక్కి పంపింది. పండగ పండగకీ అది అటూ ఇటూ తిరిగింది. ఎప్పుడూ నేనే మోశాను. గఫూర్ గారు పోయాక వాళ్ళావిడ కొన్నేళ్ళు పంపారు. తర్వాత ఆవిడా పోయారు. పిల్లలు ఇల్లు అమ్మేశారు.

మొన్న పెద్దమ్మ పెద్దకర్మ రోజున, భోజనాలయ్యాక, ఈ కథ మళ్ళీ చెప్పమని చుట్టాలు అడిగారు. చెప్పాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరూ వెళ్ళాక బీరువా తీస్తే, చీరల మధ్య ఆ డబ్బా ఉంది. కడిగి, తుడిచి ఉంది. మూత మీద, అప్పట్లో టేపు గుర్తు కోసం నేను రాసిన తేదీ కాస్త చెరిగి కనపడుతోంది. చివరిసారి అది మా వైపుకే వచ్చింది. అంటే నింపి పంపాల్సిన వంతు మాదే.

కాబట్టి ఆ డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. మూత తీసి చూడకుండా ఏ ఊరి లెక్కలూ చెరపను. ఆకులు చేతికందేదాకా చేతులు కాల్చుకోను. నా మాట మీద ఇంకొకరిచేత సంతకం పెట్టించను.

ప్రమాణం తప్పే అవకాశం ఎటూ లేదు. ఇప్పుడు లెక్కలు తీగల మీద తమంతట తాము ఎక్కడికో వెళ్ళిపోతాయి. వాటిని పట్టుకుని ఎవరూ రైలెక్కరు. రేపల్లెకి ఇప్పుడు డబ్బా వెళ్ళదు, అక్కడి నుంచి రాదు.