దర్జీ తాత పండగ గుగ్గిళ్ళు

ఈ క్రిస్మస్‌కు పక్క వాటాలో ఉండేవాళ్ళ కోడలు నాకొక అట్టపెట్టె తెచ్చిచ్చింది. నెల్లూరులో ఇప్పుడు పండగ నెల వస్తే చాలు, మిఠాయి కొట్లలో ఇలాంటి పెట్టెలు మనిషెత్తున పేరుస్తున్నారు. పైన పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద "చక్కెర లేదు, అచ్చమైన బెల్లం" అని పెద్ద అక్షరాలు. "షుగరున్నోళ్ళు గూడా తినొచ్చంట ఆంటీ, మీకోసరమే ఏరి తెచ్చినా" అంది ఆ పిల్ల ఎంతో ఆప్యాయంగా. మూత తీయగానే నేతిలో వేగిన మినప్పిండి, యాలకులు, వాటిని మించి బెల్లం వాసన గుప్పుమంది. నోరూరిన మాట నిజమే, దాచుకోవడం దేనికి? కానీ నోరూరడం కంటే ముందు మా తాత కుడికాలు గుర్తొచ్చింది.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న పల్లె మాది. అక్కడ మా తాత యోహాను దర్జీ. అమ్మా నాయనా తెల్లవారకముందే నాట్లకు పోతే నేను పగలంతా తాత మిషను కిందే పెరిగాను. డిసెంబరు వచ్చేసరికి వానలు కాస్త తెరిపిచ్చేవి. చుట్టూ అప్పుడే నాటేసిన మళ్ళు, వాటి మీదుగా వచ్చే ఉప్పగాలి, వసారాలో గుట్టగా పడి ఉన్న కొత్త గుడ్డల గంజి వాసన, మిషను నూనె వాసన, ఒక్క క్షణం ఆగకుండా టకటకమనే ఆ చప్పుడు, ఇవన్నీ కలిస్తేనే మాకు పండగ వచ్చినట్టు. రంగురంగుల కత్తిరింపు ముక్కలన్నీ నావే. నా బొమ్మలకున్నన్ని చీరలు ఊళ్ళో ఏ ఆడమనిషికీ లేవని అవ్వ ఎగతాళి చేసేది.

గుడిసె గుడిసెలోనూ నువ్వులు వేగేవి. ఒకరింట్లో చక్రాలు, ఇంకొకరింట్లో కజ్జికాయలు, మరొకరింట్లో ఇనప అచ్చును పిండిలో ముంచి నూనెలో విదిలిస్తే పూసే గులాబి పువ్వులు, ఆ నూనె పొగ ముక్కుకు తగిలితే చాలు మేం పిల్లలం చదువూ సంధ్యా వదిలేసి గుమ్మాల దగ్గర చేరేవాళ్ళం. మా పల్లెలో ఒక ఆచారం ఉండేది. కొత్తబట్ట కుట్టి తెచ్చిన మనిషి నోరు తీపి చేసుకోకుండా గడప దాటితే ఆ బట్ట కట్టుకున్నవాళ్ళకు అచ్చిరాదని నమ్మేవాళ్ళు. పాస్టరుగారు ఇలాంటి మూఢనమ్మకాలు వద్దని ప్రతి ఆదివారం చెప్పేవారు, అందరూ ఆమెన్ అనేవాళ్ళు, ఇంటికి పోయి తాతకు పళ్ళెం సిద్ధం చేసేవాళ్ళు. పండగకు ముందు వారం రోజుల్లో తాత ఇరవై ఇళ్ళకు మూటలు మోసేవాడు, ఇరవై పళ్ళేలు ఖాళీ చేసేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వానల మొదట్లో, మిషను తొక్కే ఇనప పలక అంచు గీసుకుని తాత కుడి బొటనవేలి పక్కన చిన్న పుండు లేచింది. పసుపు పెట్టారు, కాఫీపొడి అద్దారు, నెల దాటినా మానలేదు. అవ్వకు బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది కాబట్టి నెల్లూరికి తాతకు తోడు నేనే పోయాను. డాక్టరు పుండు చూసి, రక్తం పరీక్ష చేయించి, నేను పక్కనుండగానే చెప్పాడు. "తీపి మానెయ్యాలి పెద్దాయనా. చక్కెరొక్కటే కాదు, బెల్లమైనా అంతే. మానకపోతే వేళ్ళు పోతాయి, కాలు దాకా వస్తుంది." తాత దర్జీ. కాలు పోతే మిషను పోయినట్టే, మిషను పోతే ఆయన ఆయనగా ఉండడని నాకు ఆ వయసుకే తెలుసు.

ఇంటికొచ్చి తాత అవ్వతో "చక్కెర ముట్టొద్దన్నాడు" అని అక్కడితో ఆపేశాడు. బెల్లం ఊసే ఎత్తలేదు. నేను తలెత్తి చూశాను. ఆయన నాకు కన్ను గీటాడు.

పాపం అవ్వ ఆ సగం మాటనే పట్టుకుని ఎంత చేసిందో! ఊరంతా పిండివంటలతో ఘుమఘుమలాడుతుంటే మా ఇంట్లో రాగి సంగటి, పొన్నగంటాకు పప్పు, చేదు పిండకుండా వండిన కాకరకాయ, వారానికొకసారి బొమ్మిడాయిల పులుసు. ఆ ఒక్క పులుసు రోజే తాత ముఖం విప్పారేది. అవ్వ ఇల్లిల్లూ తిరిగి "మా ఆయనకు చక్కెర పెట్టొద్దండమ్మా" అని చేతులు పట్టుకుని చెప్పొచ్చింది. అది చాలదని నన్ను కాపలా పెట్టింది. "తాత ఎమ్మటే పో. ఏం పెట్టినా వొద్దని జెప్పు. ఆయన కాలు నీ చేతిలో ఉండాదే సుగుణా" అంది.

మొదటి మూట మార్తమ్మది. చర్చిలో అందరికంటే గట్టిగా పాట ఎత్తే మనిషి, పళ్ళెం కూడా అంత నిండుగానే తెచ్చింది. "నీకోసరం చక్కెర తాకనే లేదన్నా. అరిసెలు, నువ్వుండలు అంతా బెల్లంతోనే జేసినా" అంది గర్వంగా. షుగరుకు చక్కెరే పగ, బెల్లం చలవ అని ఆ రోజుల్లో ఊరంతటి నమ్మకం.

"తాతా, డాక్టరు..." అని నేను చొక్కా లాగాను. తాత అరిసెను రెండుగా తుంచి సగం నా చేతిలో పెట్టాడు. "సగం నీది, సగం నాది. సగానికి ఏమవతాదే?" అన్నాడు గుసగుసగా. ఆ అరిసె ఎంత మెత్తగా ఉందో ఇప్పటికీ చెప్పగలను. తర్వాతి ఇంట్లో నేను చొక్కా లాగలేదు. మూడో ఇంటికి వచ్చేసరికి నేనే చెయ్యి చాపాను. చక్కెర మానమన్నందుకు ప్రతి ఇల్లూ తాత మీద ప్రేమతో బెల్లాన్ని రెట్టింపు చేసింది, తినలేక మిగిలినవి నా గౌను జేబుల్లోకి పోయాయి. ఆ జేబులు కూడా తాత కుట్టినవే.

"ఏం తినినాడే?" అని ప్రతి సాయంత్రం అవ్వ అడిగేది. "ఏమీ తినలా అవ్వా" అని ప్రతి సాయంత్రం చెప్పేదాన్ని.

పండగ పోయిన పది రోజులకు కాలి వేళ్ళు నల్లబడ్డాయి. నెల్లూరులో రెండు వేళ్ళు తీసేశారు. ఆ సారి అవ్వ కడుపులో తిప్పినా బస్సెక్కింది. అప్పటికి డాక్టరు ఆమెకు బెల్లం సంగతీ చెప్పేశాడు. "బిడ్డను కాపలా పెట్టినా గదయ్యా, ఎట్ట తినినావు?" అని మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. తాత కళ్ళు మూసుకునే "ఆ బిడ్డ ఇంటింటా వొద్దంటానే ఉండింది, నేనే ఇనలా" అన్నాడు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. తాత మాట అబద్ధమని చెప్పలేదు. ఇంటికొచ్చాక వసారాలో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మూడు నెలలు ఆ చప్పుడు వినలేదు.

తాత మొండివాడు. ఎడమకాలితో తొక్కడం నేర్చుకున్నాడు. కుట్టు మొదట్లో వంకర పోయింది, విప్పి మళ్ళీ కుట్టాడు. తర్వాతి క్రిస్మస్‌కు అవ్వ మా ఇద్దరి కంటే ముందు నడిచింది. "చక్కెరా వొద్దు, బెల్లమూ వొద్దు. పిడికెడు గుగ్గిళ్ళు పెట్టండి చాలు" అంది. మార్తమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కొత్తబట్ట తెచ్చినోడికి ఉప్పు గుగ్గిళ్ళా వదినా?"

"వచ్చే ఏడు గూడా ఆయనే తేవాలంటే గుగ్గిళ్ళే పెట్టు మార్తమ్మా" అంది అవ్వ.

ఆ మాట ఊరంతా పాకింది. ఒకరు అలసందలు ఉడకేసి పచ్చికొబ్బరి చల్లారు, ఒకరు శనగలకు అల్లం పచ్చిమిర్చి తిరగమోత పెట్టారు, ఒకరు పెసలు. తాత నములుతూ, ఉప్పు ఎక్కడ సరిగ్గా పడిందో తీర్పు చెప్పేవాడు. నాలుగైదేళ్ళలో ఆ గుగ్గిళ్ళు ఊరి పండగ వంటైపోయాయి. పిల్లలకు కూడా ముందు పిడికెడు అవి పెట్టి, తర్వాతే అరిసె చేతికిచ్చేవాళ్ళు. "దర్జీ గుగ్గిళ్ళు" అనేవాళ్ళు. కాలికి మళ్ళీ పుండు పడలేదు. నా పెళ్ళి రవికె ఆయనే కుట్టాడు.

తాత పోయాక ఒక డిసెంబరులో అవ్వా నేనూ చేటలో అలసందలు ఏరుతున్నాం. ఉండబట్టలేక "అవ్వా, ఆ ఏడు నేను నీకు అబద్ధం చెప్పాను" అన్నాను. అవ్వ తల కూడా ఎత్తలేదు.

"నీ గౌను జేబులో నువ్వులూ పాకమూ ఉతికింది నేనే గదే. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఉతికినా."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఇంకో అబద్ధం జెప్తావని. అయినా తొమ్మిదేళ్ళ బిడ్డను అరిసెలకు కాపలా పెట్టింది నేను" అంది, ఒక పుచ్చు గింజ తీసి అవతల పారేస్తూ.

ఇప్పుడు అవ్వా లేదు. మా పల్లెలో ఆ వసారా లేదు, దర్జీ లేడు. బట్టలు రెడీమేడువి, బండి మీద వస్తాయి. తెచ్చిన కుర్రవాడు గుమ్మంలో పెట్టి ఫోటో తీసుకుని వెళ్ళిపోతాడు, మంచినీళ్ళు తాగుతావా అని అడిగేవాళ్ళు కూడా లేరు. పోయినేడు మా ఊరి చర్చిలో పిల్లల్ని దర్జీ గుగ్గిళ్ళంటే ఏంటో తెలుసా అని అడిగితే ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు.

పక్క వాటా పిల్ల పెట్టె తెచ్చిచ్చిన రోజు సాయంత్రం కావలి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. నాకు షుగరు వచ్చినప్పటి నుంచి రోజూ అదే సమయానికి చేస్తుంది, ఒకటే ప్రశ్న అడుగుతుంది. "ఏం తిన్నావమ్మా?" అంది. అట్టపెట్టె నా పక్కనే ఉంది, అందులో ఒక గడి ఖాళీగా ఉంది. ఏమీ తినలేదు అనే మాట నాలుక చివరకు వచ్చేసింది, ఇన్నేళ్ళయినా ఎంత తేలిగ్గా వచ్చిందో. నా చెయ్యి దానంతటదే లేని జేబు కోసం తడుముకుంది.

"ఒక సున్నుండ తిన్నానే" అన్నాను.

"బెల్లందేనా?"

"బెల్లమైనా అంతే" అన్నాను. పెట్టెకు మూత పెట్టి, లేచి వెళ్ళి పిడికెడు అలసందలు నానబోశాను.