చౌరస్తా ముందు ఆరిపోయే లైటు

నాకు దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చిన మొదటి చలికాలం, మా నాయిన నన్ను వరంగల్ మొత్తం ముందు నవ్వులపాలు చేయాలని కంకణం కట్టుకున్నాడని అనుకునేదాన్ని. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. మేం సుబేదారిలో ఉండేవాళ్లం, దవాఖానేమో వరంగల్‌లో. పొద్దున ఆరింటి డ్యూటీకి అందే బస్సు లేదు. ఆ చలికి రిక్షావాళ్లు దుప్పట్లోంచి కాలు బయట పెట్టరు. అందుకని నాయిన ఒక పాత లేడీస్ సైకిల్ తెచ్చాడు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నేనూ నాయినే. ఆయన టైలరు, ముందుగదిలోనే కుట్టుమిషను. దమ్ము జబ్బు మనిషి. చలికాలం వచ్చిందంటే రాత్రిళ్లు లేచి కూర్చుని ఊపిరి కోసం అవస్థపడేవాడు.

సైకిల్ తొక్కే ఆడవాళ్లు ఊళ్లో లేకపోలేదు. కాలేజీ పిల్లలు తొక్కేవాళ్లు, అదీ పట్టపగలు, నలుగురూ కలిసి. తెల్లచీర కట్టుకుని తెల్లారకముందే ఒంటరిగా పోయేది నేనొక్కదాన్నే. అది చాలదన్నట్టు నాయిన నా తలకు మంకీ క్యాప్ తొడిగేవాడు. "చెవులల్లకు గాలి పోతది బిడ్డా" అని గడప దాటేదాకా వెంటపడేవాడు. నేను నాలుగిళ్లు దాటగానే దాన్ని తీసి సంచిలో పెట్టుకునేదాన్ని.

క్యాప్ అయితే తీయొచ్చు. డైనమోను ఏం చేయను? వెనక చక్రానికి దాన్ని తనే బిగించాడు. ముందు పెద్ద లైటు, వెనక చిన్న ఎర్ర లైటు. డైనమో టైరుకు ఒరుసుకుని తిరుగుతుంటేనే అవి వెలుగుతాయి. తొక్కడం బరువు, పైగా గుయ్యిమని మోత. పడుకున్న కుక్కలు కూడా లేచి చూసేవి.

ఆదివారం చర్చి నుంచి రాగానే నాయిన సైకిల్ ముందు కూర్చునేవాడు. లైటు అద్దం విప్పి మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. చలికి కొబ్బరినూనె గడ్డకడుతుందని చక్రాలకు కుట్టుమిషను నూనె వేసేవాడు. మంచుకు తడిసిన టైరు మీద డైనమో జారుతోందని పాత ట్యూబు ముక్కను ఉంగరంలా కత్తిరించి దాని తలకు తొడిగాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరి జాకెట్టులోనో మిగిలిన పూలగుడ్డతో లైటుకు ఒక టోపీ కుట్టాడు, రాత్రిపూట తడవకుండా. "కమ్మలు గూడ పెట్టరాదు నాయినా దానికి" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం నిజంగానే ఒళ్లు మండింది.

మా ఇంటి ముందు నుంచి రోడ్డు చౌరస్తా దాకా తిన్నగా పోతుంది. చౌరస్తాలో చాయ్ హోటల్. ఆ వేళకే అక్కడ పొయ్యి రాజుకుని ఉండేది, బెంచీల మీద హమాలీలు, పాలవాళ్లు, లారీల మీద పోయేవాళ్లు ముసుగులు కప్పుకుని కూర్చునేవాళ్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒకరోజు నా డైనమో మోత విని ఒకడు, "ఇమానం వస్తాందిరా, జర జరుగుండ్రి" అన్నాడు. బెంచీలన్నీ నవ్వాయి. చెడ్డమాటేం కాదు, ఇప్పుడైతే నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. దవాఖానలో పేషెంటుకు సూది వేస్తున్నా ఆ నవ్వే చెవిలో ఉంది.

మర్నాడు చౌరస్తా ఇంకొంచెం దూరం ఉందనగా, మూసి ఉన్న కిరాణం దుకాణం దగ్గర దిగాను. డైనమోను టైరు మీంచి పక్కకు లాగాను. మళ్లీ ఎక్కి తొక్కితే మోత లేదు, రెండు లైట్లూ వెలగలేదు. చీకట్లో ఊపిరి బిగబట్టి హోటల్ ముందు నుంచి పోయాను. ఎవరూ ఏమీ అనలేదు. మలుపు తిరిగాక లారీల భయానికి మళ్లీ డైనమో వేసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత రోజూ అదే పద్ధతి.

కొన్నాళ్లకు నాయినకు సైకిల్ పిచ్చి ముదిరింది. ఆదివారం పోయి, రోజూ సాయంత్రం పని మొదలైంది. వెలుగుతున్న బల్బు తీసేసి కొత్తది పెట్టాడు. డైనమో బిగించిన చోట రంగు గీకాడు. సైకిల్‌ను ఎత్తి పట్టుకుని వెనక చక్రం చేత్తో తిప్పి, గోడ మీద పడే వెలుగును చూసేవాడు. "మంచిగనే ఎలుగుతాంది గద" అని తనలో తనే గొణుక్కునేవాడు. కుట్టాల్సిన బట్టలు మిషను పక్కన అట్లాగే పడి ఉండేవి. "ఎలుగుతాంటే ఇంకేం గావాలె నాయినా, ఇడిసిపెట్టు" అని కసురుకునేదాన్ని.

ఆ చలికాలం ఆయన దగ్గు కూడా పెరిగింది. నర్సును కదా, ఇంట్లో నోరు పెద్దది. మాత్రలు వేసుకుంటున్నావా లేదా అని నిలదీసేదాన్ని. మంచు విడిచేదాకా గడప దాటొద్దని వార్డులో పేషెంట్లను గదమాయించినట్టే గదమాయించేదాన్ని. "దాటుతలేను బిడ్డా" అనేవాడు, నా మొహం చూడకుండా.

క్రిస్మస్ దగ్గరపడ్డ రోజుల్లో, బాగా మంచు కమ్మిన ఒక పొద్దున, ఎప్పటిలాగే లైటు ఆర్పుకుని పోతుంటే సరిగ్గా హోటల్ ముందే చైను ఊడిపోయింది. ఎవరి కంట పడకూడదని ఇన్నాళ్లూ తంటాలు పడ్డానో వాళ్ల ముందే చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. హోటలాయన కందిలి తెచ్చి కింద పెట్టి, అడక్కుండానే చైను ఎక్కించడానికి కూర్చున్నాడు.

"ఏమనుకోకుండ్రి సిస్టరమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "మీరు రోజు కిరాణం దుకాణం కాడ లైటు ఎందుకు తీస్తరో మాకు ఎర్కలేదు. మీరు గిట్ల దాటంగనే మీ నాయిన ఉరుక్కుంట వస్తడు. నా బిడ్డ దాటిందా అని అడుగుతడు. దాటింది సాబ్, ఫికర్ లేదు అంటే, గా బెంచీ మీద కూసొని జరసేపు దమ్ము తీసుకొని పోతడు. మంచుల గా మనిషిని చూస్తే పాపమనిపిస్తది."

నేను ఏదో అనబోయేలోపే మంచులోంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు తెలియనిదా? దుప్పటి కప్పుకుని నాయిన వచ్చాడు. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన బల్బు. నన్ను చూసి మొదట గాభరాపడ్డాడు. దెబ్బలేం తగల్లేదని తెలిశాక సైకిల్ పట్టుకుని వంగిపోయాడు. ఊపిరి అందక మాటలు ముక్కలుముక్కలుగా వచ్చాయి.

"ఇయ్యాల గూడ ఆరిపోయిందా బిడ్డా? రోజు గీడికి రాంగనే ఆరిపోతాంది. ఇంటికాంచి చూస్తానే ఉంట, ఎర్ర లైటు గా దుకాణం దాక కనబడ్తది, ఆరిపోతది. పడ్డవో, ఏ లారీ గుద్దిందో అని పానం ఆగది. చెప్తే నువ్వు భయపడ్తవని చెప్పలే. ఇంట్ల తిప్పితే మంచిగనే ఎలుగుతది. నా చేతులల్లనే ఏదో తప్పున్నది."

హోటలాయన చైను వదిలేసి నా మొహంలోకి చూశాడు. బెంచీల మీద వాళ్లందరూ చూశారు. ఇన్నాళ్లూ నేను వాళ్లకు రోజూ కనబడుతూనే ఉన్నాను. కనబడకుండా పోయింది మా నాయిన ఒక్కడికే. నేనే ఆర్పుతున్నానని చెబుదామని నోరు తెరిచాను. వాళ్లందరి ముందు మాట రాలేదు.

"వైరు లూజున్నట్టున్నది టేలర్ సాబ్" అన్నాడు హోటలాయన నెమ్మదిగా.

"అవును నాయినా, వైరే" అన్నాను.

ఆ సాయంత్రం ఆయన వైరు మొత్తం ఊడబెరికి కొత్తది వేశాడు. నేను పక్కనే కూర్చుని కందిలి పట్టుకున్నాను. మర్నాడు పొద్దున డైనమో జోలికి పోకుండా, మోతతోనే హోటల్ ముందు నుంచి పోయాను. ఎవరు చూశారో, ఎవరు నవ్వారో నాకు గుర్తు లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయిన మిషను మీద పాట పాడుకుంటూ కుడుతున్నాడు. "మలుపు దాక కనబడ్డది బిడ్డా" అన్నాడు, నేను చెప్పులు విడవకముందే. మూలన పడేసిన పాత వైరు తీసి చూపించాడు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. "గిదే. ఇన్ని దినాలు ఇద్దర్ని సతాయించింది."

అన్నం తింటున్నంతసేపూ ఆయన ఆ వైరును తిడుతూనే ఉన్నాడు. నేను కంచంలోంచి తల ఎత్తకుండా, అవును నాయినా, అవును అంటూ తిన్నాను.