వెనక సీటు బరువు

దూరప్రయాణాల బైకులకు షాకబ్సర్ల స్ప్రింగులు మోసే బరువుకు తగ్గట్టు బిగించే మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. వెనక కూర్చునేవాళ్ళ బరువు చెప్పందే స్పానర్ ముట్టడు.

"మా ఆవిడ బరువు అడిగితే ఇంట్లోకి రానివ్వదు మేస్త్రీ!" అని ఒకాయన నసిగాడు.

"అడక్కపోతే దారంతా నడుం పట్టుకుని నిన్నే తిడుతుంది. ఫోన్ చెయ్యి!"

ఇంత తెలిసినవాడి సొంత బండి మాత్రం ప్రతి గుంతకీ అతణ్ణి ఎత్తి కుదేస్తుంది. భార్య పోయి రెండేళ్ళయినా, దాని స్ప్రింగు ఇంకా ఆమె యాభై ఎనిమిది కిలోలకే బిగించి ఉంది.

"ఒక్కరే కదా నాన్నా తిరిగేది, కాస్త వదులు చేసుకోవచ్చుగా?" అంది కూతురు.

అతను స్పానర్ అందుకున్నాడు. స్ప్రింగు ఒక్క మెట్టు వదులు చేసేసరికి వెనక సీటు కొంచెం కిందికి దిగింది. గబగబా మళ్ళీ బిగించేశాడు.

"మీ అమ్మని ఎక్కడ దించేసి రమ్మంటావే?"